మల్లన్న పట్నం, బొగ్గుబాయి, ఒగ్గుకథ

ఒగ్గుకథ తెలంగాణ గొర్రెల కాపరుల కథాగానం. శివుడి చేతి డమరుకాన్ని పోలిన చిన్న వాయిద్యం ఒగ్గు. దాన్ని పట్టుకుని మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పేవారు ఒగ్గువాళ్లు. వీరిలో ఎక్కువమంది కురుమలు, గొల్లలు. హరికథకుడికీ బుర్రకథకుడికీ లేని హక్కు ఒకటి వీరికి ఉంది. వీరు కథ చెప్పడమే కాదు, దేవుడి పెళ్లి కూడా చేస్తారు. ఒగ్గు పూజారి ఇంటికొచ్చి పట్నం వేసి, మల్లన్నకు మేడలమ్మతో, కేతమ్మతో కల్యాణం జరిపిస్తాడు. కథ ఆ కల్యాణంలో భాగంగానే నడుస్తుంది. ఈ కళ చరిత్రను వేదికల లెక్కతో రాస్తే సగమే తెలుస్తుంది.

కొమురవెల్లి, ఐనవోలు, ఓదెల మల్లన్న భక్తులకు పేరున్న క్షేత్రాలు. వీటిలో ఓదెల ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో, కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు మార్గం మీద ఉంది. ఆ మార్గంలోనే ఇంకొంచెం ఉత్తరానికి పోతే పెద్దపల్లి, ఆ తర్వాత రామగుండం. రామగుండాన్ని ఆనుకుని గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల పట్టణం గోదావరిఖని. 1929లో ఆ రైలు మార్గం పూర్తయ్యేనాటికి ఇక్కడ బాయి లేదు, కాలనీ లేదు. పొలాలు, అడవి, మందలు మాత్రం ఉన్నాయి. మందలున్న చోట మల్లన్న ఉన్నాడు, బీరప్ప ఉన్నాడు.

పట్నం అంటే నేల మీద పొడులతో పరిచే పెద్ద ముగ్గు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, నల్లపొడి కలిపి పంచవర్ణాలు. పూజారి వేళ్ల సందుల్లోంచి పొడి జారుతుంటే గళ్లు, గీతలు, శూలాలు ఏర్పడతాయి. పక్కన డోలు, తాళాలు మోగుతుంటాయి. పసుపునే బండారి అంటారు, అదే ప్రసాదం. మహారాష్ట్రలో జెజురి ఖండోబాకూ కర్ణాటకలో మైలారుడికీ జరిగే కొలువుల్లోనూ ఈ పసుపే కనిపిస్తుంది. ఖండోబాకు కూడా ఇద్దరు భార్యలు. మల్లన్నకు కేతమ్మ గొల్లల ఆడబిడ్డయితే, ఖండోబాకు బాణాయి ధన్‌గర్ కాపరుల ఆడబిడ్డ. దక్కన్ పీఠభూమి మీద మందలు తిరిగిన దారుల వెంటే ఈ దేవుడూ తిరిగాడనుకోవడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

కథకుడి వెనక వంతలుంటారు. ఒకరు డోలు, ఒకరు తాళం. కథకుడు ఒక క్షణం వచనంలో చెబుతాడు, మరుక్షణం పాటెత్తుకుంటాడు. భుజం మీది బట్టను తలకు కప్పుకుంటే అతడే తల్లి, నడుముకు చుట్టుకుంటే అతడే కాపరి. వంత అడ్డుప్రశ్న వేస్తాడు, హాస్యమాడుతాడు, ఊళ్లో పెద్దమనిషి మీద ఓ విసురు విసురుతాడు. దేవుడి కథలో ఊరి సంగతులు దూరేది ఆ సందులోంచే. మైకు రాకముందు తెల్లవార్లూ ఊరంతా వినేలా చెప్పాలంటే గొంతు నిలవాలి. డోలు దరువు మారినప్పుడల్లా కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

బొగ్గు వచ్చాక ఈ నేల కాలం మారింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. గోదావరిఖని ఇంక్లైన్లు 1960 దశకం మొదట్లో ఊపందుకున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలు, రైతులు, కాపరుల బిడ్డలు బాయి పనికి వచ్చారు. తట్ట మోసిన చెమ్మాసుల నుంచి యంత్రాలు నడిపే ఆపరేటర్ల దాకా అందరి రోజునూ సైరన్ మూడు షిఫ్టులుగా కోసింది. రాత్రంతా సాగే కథకు ఇది గట్టి దెబ్బే. నైట్ షిఫ్టుకు పోయేవాడు కథ మొదలయ్యే వేళకే లాంపు పట్టుకుని బాయి దిగాలి. ఫస్ట్ షిఫ్టువాడు సగం కథలోనే లేచి ఇంటికి పోవాలి.

కథను ఆదుకుంది ఆదివారం. అది మల్లన్నకు ఇష్టమైన వారం, బాయి కార్మికుడికి ప్లే డే, అంటే వారపు సెలవు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతరల కాలంలో భక్తులు ఆదివారాలే మొక్కులు తీర్చుకుంటారు. బాయి సెలవూ దేవుడి వారమూ ఒకటే కావడం కంపెనీ ఆలోచించి చేసిందేమీ కాదు. కానీ పట్నాలు వేయించుకునే ఆచారం కాలనీల్లోనూ నిలవడానికి ఆ కలయిక బాగా పనికొచ్చింది. జీతం చేతికందే ఇంట్లో మొక్కు తీర్చుకోవడానికి డబ్బూ ఉంది. కంపెనీ క్వార్టర్ ముందు టెంటు వేసి, ఊరి నుంచి ఒగ్గువాళ్లను పిలిపిస్తే సరిపోయింది.

రెండో మలుపు రాజకీయాలది. 1970ల్లో బి. నర్సింగరావు, గద్దర్ తదితరుల కృషితో పుట్టిన జననాట్యమండలి బుర్రకథ, వీధి భాగవతం, ఒగ్గుకథ లాంటి పల్లె రూపాలను విప్లవ ప్రచారానికి తీసుకుంది. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టిందీ ఆ ఏడాదే. ఆ కాలంలో కాలనీల్లో పాట కరపత్రం కన్నా ముందు చేరేది. గద్దర్ భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఆ వేషం కాపరిది. కురుమలు గొర్రె ఉన్నితో నేసే గొంగడి దేవుడి కొలువు నుంచి ఎర్రజెండా సభకు నడిచింది. దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టిన కవి గూడ అంజయ్య పాటలు కూడా ఈ బొగ్గు నేల చుట్టూ బలంగా వినిపించాయి. తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల దాటి పని ఆపినప్పుడు బాయి గేట్ల దగ్గర ఆటపాటల ధూంధాం సాగింది. దేవుడి కథ పోయి దరువు మాత్రం మిగిలిందని కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఆ మాటలో నిజముంది. అయితే ఆ దరువే లేకపోతే రెండు తరాల కార్మికుల పిల్లలకు ఒగ్గు అనే పేరు కూడా చెవిన పడేది కాదు.

ఒగ్గును సభావేదిక మీద గౌరవంగా నిలబెట్టినవారు వేరు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య వేల ప్రదర్శనలిచ్చి 2014 సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందారు. 2017 నవంబర్ 9న కన్నుమూశారు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా కథను తీసుకెళ్లారు. 

ఇలాంటి ప్రయాణమే మంగోలియా కాపరుల సంగీతానిదీ. గొంతులోంచి ఒకేసారి మంద్ర ధ్వనినీ దాని మీద సన్నని ఈలనూ పలికించే ఖూమీ, గుర్రం తల చెక్కిన రెండు తంత్రుల మోరిన్ ఖూర్, రాత్రుల తరబడి సాగే తూలి వీరగాథలు అక్కడి గుడారాల్లో పుట్టినవి. సోషలిస్టు పాలనలో ప్రభుత్వ నాటకశాలల వేదికలెక్కాయి. 2009లో యునెస్కో తూలిని తక్షణం కాపాడాల్సిన కళల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది మంగోలియా ఖూమీని మానవాళి వారసత్వ జాబితాలోకి తీసుకుంది. 2016లో ఏర్పడిన ది హూ బృందం ఖూమీని మెటల్ గిటార్ల పక్కన నిలబెట్టి ప్రపంచమంతా తిరిగింది. అక్కడా జరిగింది ఒకటే. చిన్నదిగా కత్తిరించడానికి వీలైన గొంతు, వాయిద్యం ప్రపంచాన్ని చుట్టొచ్చాయి. కత్తిరించడానికి వీల్లేని పెద్ద కథ ప్రమాదంలో పడింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఒగ్గుడోలు బృందాలు బోనాల ఊరేగింపుల్లో, ప్రభుత్వ ఉత్సవాల్లో తప్పనిసరి అయ్యాయి. పదులమంది ఒకే దరువుకు అడుగులేస్తూ, ఒకరి మీద ఒకరెక్కి విన్యాసాలు చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కథ ఉండదు. గోదావరిఖని పరిసరాల బొగ్గు ఊరిని కథాస్థలంగా తీసుకుని 2023లో శ్రీకాంత్ ఓదెల తీసిన ‘దసరా’ సినిమా ఈ నేల యాసను దేశమంతా వినిపించింది. రాత్రంతా సాగే కథకు మాత్రం సినిమాలో చోటుండదు. బాయిల్లోనూ జనం తగ్గారు. 1990 దశకం మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఓపెన్‌కాస్టులు ఊళ్లనూ మేత భూములనూ మింగాయి. మంద లేని కురుమ ఇంట్లో ఒగ్గు గూటికెక్కుతోంది.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. డిసెంబర్ 23న ఏటా సింగరేణి దినోత్సవం జరిపే కంపెనీ ఉంది. పది నిమిషాల ప్రదర్శనలకు శాలువాలు కప్పడం ఒక్క ఏడాది ఆపి, ఓదెల చుట్టుపక్కల పెద్ద కథకుల చేత మల్లన్న కథను, బీరప్ప కథను మొదటి నుంచి చివరిదాకా చెప్పించి రికార్డు చేయించే పని ఈ రెండు సంస్థలూ కలిసి చేపట్టాలి.