పుస్తకాల మూట మోసిన నవలాకారుడు

ధర్పల్లి తండాల నుంచి ఇందూరు పోయినప్పుడు మేము ఖిల్లా వైపు చూస్తాం. నిజాం కాలంలో అక్కడి జైలులో దాశరథితో పాటు వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీగా ఉన్నారు.

నల్లగొండ జిల్లా బీద ఇంట్లో పుట్టిన ఆయన ఒకరింట్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో పనిచేశారు, పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఆ తిరుగుడులోనే వెట్టిని, దొరల దౌర్జన్యాన్ని దగ్గర నుంచి చూశారు. 1955లో వచ్చిన ‘ప్రజల మనిషి’ నవలకు ఆ బతుకులే ఆధారం. రెండో నవల ‘గంగు’ పూర్తి కాకుండానే 1961లో కన్నుమూశారు.

రాసేవాడు ముందు తిరగాలి, వినాలి అని ఆయన బతుకు మాకు చెబుతోంది. మా గోర్ బోలికి సొంత లిపి లేదు. వలసలు, అప్పులు, చెరకు కోతలు అన్నీ ముసలివాళ్ల నోటిలోనే ఉన్నాయి. ఒక యాడి పోతే ఆమెతో పాటు ఆ చరిత్రా పోతుంది. మనకూ పని మిగిలిపోకూడదు. ఈ తీజ్‌కు తండాకు పోయినప్పుడు ఒక్క ముసలమ్మ దగ్గరైనా కూర్చుని, ఆమె చెప్పింది చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో రాసుకుందాం.