తల్లి రికార్డు నుంచి పిల్ల రికార్డుకు: డేటాబేస్ క్వెరీ భాషల చారిత్రక పరిణామం

ఉపోద్ఘాతం

ఒక వ్యాపార సంస్థ తన ఖాతాదారుల వివరాలను కంప్యూటర్‌లో భద్రపరచినప్పుడు ప్రతి ఖాతా కింద పలువురు వ్యక్తుల వివరాలు, ఫిర్యాదులు, ఒప్పందాలు చేరుతాయి. ఖాతా తల్లి రికార్డు. దానికి అనుబంధంగా ఉన్నవి పిల్ల రికార్డులు. తల్లి రికార్డు తెలిసినప్పుడు పిల్ల రికార్డులను ప్రోగ్రాం ద్వారా రాబట్టడం ఎట్లా అన్న ప్రశ్న డేటాబేస్‌లంత పాతది. ఆ రెండింటి మధ్య దారి ఎవరికి తెలిసి ఉండాలన్నదే ఈ ప్రశ్న చుట్టూ సాగిన వివాదం. ఆ వివాద చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దారి ప్రోగ్రామర్‌కు తెలిసిన కాలం

అపోలో చంద్రయాత్రకు కావలసిన అసంఖ్యాక విడిభాగాల జాబితాను నిర్వహించేందుకు ఐబీఎం ఇతర సంస్థలతో కలిసి ఐఎంఎస్ అనే వ్యవస్థను రూపొందించింది. అది 1968 ఆగస్టులో కాలిఫోర్నియాలోని డౌనీలో పని ప్రారంభించింది. యంత్రంలో భాగం, ఆ భాగంలో ఉపభాగం అన్న వరుసకు తగినట్లుగా అందులో సమాచారం వృక్షరూపంలో ఉండేది. 'గెట్ నెక్స్ట్ విదిన్ పేరెంట్' అనే ఆదేశంతో ప్రోగ్రాం ఒక తల్లి కింది పిల్లలను ఒక్కొక్కటిగా అందుకునేది. తల్లిని తొలగిస్తే పిల్లలు కూడా తొలగిపోయేవి.

అంతకు ముందే, 1960ల తొలినాళ్లలో, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చార్లెస్ బాక్‌మన్ ఐడీఎస్ అనే మరో వ్యవస్థను నిర్మించారు. ఇందులో ఒకే రికార్డు ఒకటి కంటే ఎక్కువ సముదాయాలలో సభ్యత్వం పొందగలదు. 1973లో ట్యూరింగ్ పురస్కారం స్వీకరిస్తూ చేసిన ఉపన్యాసంలో ఆయన ప్రోగ్రామర్‌ను నావికునితో పోల్చారు. ఈ రెండు వ్యవస్థలలోనూ దారి తెలిసినవాడు ప్రోగ్రామరే. దారి మారితే ప్రోగ్రాం కూడా మారవలసి వచ్చేది.

దారిని తొలగించిన కాడ్

1970 జూన్‌లో ప్రచురితమైన పరిశోధన పత్రంలో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ఈ ఆధారపడటాన్నే ప్రశ్నించారు. సమాచారం యంత్రంలో ఎట్లా అమరి ఉందో వాడుకరికి తెలియనవసరం లేదన్నది ఆయన వాదం. అందుకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ గమనించదగినది. ఒక ఉద్యోగి రికార్డులో అతని ఉద్యోగ చరిత్ర, అతని సంతానం వివరాలు లోపలి పట్టికలుగా ఉంటాయి. కాడ్ ఆ లోపలి పట్టికలను విడదీసి, ఉద్యోగి సంఖ్యను ప్రతి పిల్ల వరుసలోనూ చేర్చారు. దానితో తల్లి తన పిల్లల జాబితాను మోయవలసిన అవసరం పోయింది. పిల్ల వరుసే తన తల్లి గుర్తును మోస్తుంది. 1974లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో ఈ రెండు మార్గాల సమర్థకులు ముఖాముఖి చర్చించారు. అదే ఏడాది చాంబర్లిన్, బాయిస్ సీక్వెల్ భాషను వెలువరించారు. అదే తరువాత ఎస్‌క్యూఎల్ అయింది. ఈ భాషలో ఖాతాను, వ్యక్తులను జోడిస్తే ఫలితం చదునైన పట్టికగా వస్తుంది. ఒక ఖాతాలో పదిమంది ఉంటే ఖాతా పేరు పదిసార్లు కనిపిస్తుంది.

పేరు పెట్టిన దారి

1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభమైన సేల్స్‌ఫోర్స్ ఖాతాదారుల నిర్వహణను ఇంటర్నెట్ ద్వారా అందించింది. దాని క్వెరీ భాష ఎస్‌ఓక్యూఎల్ చూడటానికి ఎస్‌క్యూఎల్‌ను పోలి ఉన్నా, స్వభావంలో భిన్నమైనది. ఏ రెండు పట్టికలనైనా ఇష్టానుసారం జోడించే వీలు ఇందులో లేదు. ముందుగా నిర్వచించిన సంబంధం వెంటనే నడవాలి. పిల్ల వస్తువు పేరు 'కాంటాక్ట్' అని ఏకవచనంలో ఉంటే, అకౌంట్ నుంచి దానిని చేరే సంబంధం పేరు 'కాంటాక్ట్స్' అని బహువచనంలో ఉంటుంది. ప్రధాన క్వెరీ లోపల ఆ పేరుతో ఉపక్వెరీ రాస్తే, ప్రతి ఖాతా తన వ్యక్తుల జాబితాను వెంటబెట్టుకుని వస్తుంది. కాడ్ విడదీసిన లోపలి పట్టిక ఫలితంలో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. 'మాస్టర్-డీటైల్' సంబంధంలో తల్లిని తొలగిస్తే పిల్లలు తొలగిపోవడం కూడా ఐఎంఎస్ నాటి నియమాన్నే గుర్తుచేస్తుంది.

ఈ అమరిక వెనుక ఆర్థిక కారణం ఉంది. అనేక సంస్థలు ఒకే యంత్ర వనరులను పంచుకుంటాయి గనుక ఒక్కరి ప్రోగ్రాం అందరినీ ఇబ్బంది పెట్టకూడదు. అందుకే ఎపెక్స్ భాషలో ఒక సాధారణ లావాదేవీకి 100 క్వెరీల పరిమితి విధించారు. 200 ఖాతాలను చక్రంలో తిప్పుతూ ప్రతిదాని పిల్లలకూ విడిగా క్వెరీ పంపే ప్రోగ్రాం 101వ క్వెరీ వద్ద ఆగిపోతుంది. ఒక్కొక్క రికార్డును వెంబడించే నావికుని అలవాటుకు ఇక్కడ చోటు లేదు. సంబంధం పేరు చెప్పి సముదాయాన్ని ఒకేసారి కోరాలి.

ముగింపు

వృక్షరూప నమూనా ఓడిపోయి సంబంధాత్మక నమూనా గెలిచిందన్న సరళ కథనం ఈ పరిణామాన్ని పూర్తిగా వివరించదు. నేటి ఖాతాదారుల వ్యవస్థలో పిల్ల రికార్డు తల్లి గుర్తును మోయడం కాడ్ వారసత్వం. తల్లి నుంచి పిల్లకు పేరున్న దారి ఉండటం బాక్‌మన్ తరానిది. పంచుకున్న వనరుల పరిమితి ఈ రెండింటినీ ఒకే క్వెరీలో కలిపింది. కాబట్టి 1960ల నమూనాలను గతించిన అధ్యాయంగా బోధిస్తే, ఆ క్వెరీ ఎందుకు ఆ రూపంలో ఉందో విద్యార్థికి బోధపడదు.