మూలకణ అధ్యయనం, కణజాల ఇంజనీరింగ్: చర్మం నుంచి కంటిపొర దాకా

విశ్వవిద్యాలయాలలో కణజాల ఇంజనీరింగ్ పాఠం తరచుగా 1993తో మొదలవుతుంది. ఆ ఏడాది రాబర్ట్ లాంగర్, జోసెఫ్ వకాంటీ ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ శాస్త్రానికి ఒక నిర్వచనాన్ని స్థిరపరచింది. కణాలు, వాటికి ఆధారమయ్యే చట్రం, పెరుగుదలను ప్రేరేపించే పదార్థాలు అనే మూడింటి కలయికగా విద్యార్థి దీనిని నేర్చుకుంటాడు. అయితే నిర్వచనం వెలువడిన సంవత్సరాన్నే శాస్త్రం ఆవిర్భవించిన సంవత్సరంగా భావించినప్పుడు అంతకు ముందరి చరిత్ర మరుగున పడుతుంది. ఆ వ్యాసానికి పద్దెనిమిదేళ్ల ముందే ఒక పరిశోధక విద్యార్థి, అతని ఆచార్యుడు మనిషి చర్మకణాలను శరీరం వెలుపల పెంచి చూపించారు.

ఆ విద్యార్థి జేమ్స్ రైన్‌వాల్డ్, ఆచార్యుడు హోవార్డ్ గ్రీన్. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న వారు మొదట చర్మాన్ని పెంచాలని సంకల్పించలేదు. ఎలుకలలోని టెరటోమా అనే గడ్డ కణాలను వారు పరిశీలిస్తున్నారు. అనేక రకాల కణజాలాలు కలగలిసి ఉండే ఆ గడ్డ నుంచి, పెంపకపాత్రలో చర్మపు పైపొరను పోలిన కణాల గుంపులు బయలుదేరాయి. అవి ఒంటరిగా బతకలేదు. ఎలుక పిండం నుంచి రూపొందించిన 3టీ3 అనే కణాల తోడు ఉన్నప్పుడే వృద్ధి చెందాయి. ఆ 3టీ3 కణాలను రూపొందించినది కూడా గ్రీన్, ఆయన సహచరుడు జార్జ్ టొడారోలే. తోడు కణాలు తాము విభజన చెందకుండా రేడియేషన్‌తో నిలిపివేసి, వాటి మధ్య మనిషి చర్మకణాలను నాటినప్పుడు ఒక్కొక్క కణం ఒక్కొక్క గుంపుగా విస్తరించింది. ఆ ఫలితాలు 1975లో ‘సెల్’ పత్రికలో వెలువడ్డాయి. గడ్డను చూడబోయి చర్మాన్ని చూసిన ఆ పరిశీలనను కేవలం అదృష్టంగా కొట్టివేయలేము. పక్కన మొలిచినదాన్ని కలుపుమొక్కగా భావించి పారవేయకపోవడమే అక్కడి విశేషం.

తర్వాతి పరిణామం వేగంగా సాగింది. 1979 నాటికి ఆ గుంపులు శరీరంపై అతికించదగిన పలుచని పొరలయ్యాయి. 1981లో కాలిన గాయాలపై వాటిని తొలిసారి వాడిన వివరాలు వెలువడ్డాయి. 1983లో అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు అగ్నిప్రమాదానికి గురయ్యారు. వారి వయస్సు ఐదు, ఆరు సంవత్సరాలు. శరీరంలో 95 శాతానికి పైగా కాలిపోయింది. మరోచోటి నుంచి చర్మం తీసి కప్పే పాత పద్ధతికి ఆ శరీరాలలో ‘మరోచోటు’ అంటూ మిగలలేదు. కాలని కొద్దిపాటి చర్మం నుంచి బోస్టన్‌లో పెంచిన పొరలతో వారి దేహంలో దాదాపు సగభాగాన్ని కప్పగలిగారు. ఇద్దరూ బతికారు. ఆ చర్మంలో వెంట్రుకల కుదుళ్లు, స్వేదగ్రంథులు లేవన్నదీ చరిత్రలో భాగమే.

పాత్రలో పెరిగిన కణాలన్నీ సమానమైనవి కావని 1987లో యాన్ బరాండన్, గ్రీన్ నిరూపించారు. సుదీర్ఘంగా విభజన చెందగలిగే సామర్థ్యం కొన్నింటికే ఉంది. ఇక్కడ పరిభాష విషయంలో ఒక మాట చెప్పవలసి ఉంది. 1868లో ఎర్నెస్ట్ హెకెల్ జర్మన్‌లో వాడిన మాటకు కాండం, వంశం అనే స్ఫురణలున్నాయి. ఆంగ్లం కాండాన్నే నిలుపుకున్నది. తెలుగు మాత్రం ‘మూలకణం’ అన్నది. నేల కింద కనబడకుండా ఉండి పైదాన్ని నిలబెట్టే వేరును స్ఫురింపజేసే ఈ పేరు, కణం స్వభావానికి మరింత దగ్గరగా ఉంది.

కంటి విషయంలో ఈ సామ్యం స్పష్టమవుతుంది. కార్నియా పైపొరను నిరంతరం పునరుద్ధరించే మూలకణాలు కార్నియా మధ్యలో ఉండవు; నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉంటాయి. గ్రీన్ వద్ద పనిచేసిన టుంగ్-టియన్ సున్, ఆయన సహచరులు 1986లో దీనికి బలమైన ఆధారం చూపారు. సున్నం గాని ఆమ్లం గాని పడి ఆ అంచు నశిస్తే కార్నియాపైకి రక్తనాళాలు పాకి చూపు మసకబారుతుంది. తాంబూలపు సున్నం పొట్లం పగిలి పిల్లల కంట పడడం మన నేత్రవైద్యులకు తెలిసిన ప్రమాదమే. 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలే డి లూకా బృందం ఇద్దరు రోగులకు, వారి ఆరోగ్యవంతమైన కంటి అంచు నుంచి పెంచిన పొరను అమర్చింది. 2015లో ఐరోపా అనుమతి పొందిన ‘హోలోక్లార్’ ఆ పరిశోధన ఫలితమే. అందులోనూ 3టీ3 కణాల తోడు తప్పలేదు.

సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేరిట 1987లో హైదరాబాద్‌లో ప్రారంభమైన నేత్రవైద్య సంస్థ ఎంచుకున్న మార్గం వేరు. 2001 నుంచి వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి తదితరులు ఎలుక కణాలను విడిచిపెట్టారు. ప్రసవానంతరం లభించే ఉమ్మనీటి సంచి పొరను ఆధారంగా, రోగి సొంత రక్తపు సీరాన్ని పోషకంగా వాడి కణాలను పెంచారు. 200 మంది రోగుల పదేళ్ల ఫలితాలలో 71 శాతం సఫలత నమోదైంది.

2012లో అదే సంస్థ మరో అడుగు ముందుకు వేసి, పెంపకపాత్రనే తొలగించింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, దానిని ఎనిమిది, పది తునకలుగా చేసి, దెబ్బతిన్న కంటిపై పరచిన ఉమ్మనీటి పొరపై జిగురుతో అతికించారు. కణాలు కంటిమీదనే పెరిగాయి. ఒకే శస్త్రచికిత్సతో, ప్రయోగశాల ఖర్చు లేకుండా, తొలి ఆరుగురు రోగులకు చేసిన చికిత్స అది. ఆ వ్యాసకర్తలలో షెఫీల్డ్ విశ్వవిద్యాలయపు కణజాల ఇంజనీరింగ్ ఆచార్యురాలు షీలా మెక్‌నీల్ ఉండడం గమనార్హం. ప్రయోగశాలను పక్కన పెట్టడాన్ని గ్రీన్ సంప్రదాయానికి తిరస్కారంగా భావించడం సరికాదు. ఇంత చిన్న ముక్క అంత పొరగా విస్తరించగలదన్న నమ్మకం ప్రయోగశాలలో పెంచి చూసిన ఏళ్ల నుంచే వచ్చింది.

ఈ సులభ పద్ధతికి ఒక కన్ను బాగుండాలి. రెండు కళ్లూ దెబ్బతిన్నవారికి సొంత అంచు మిగలదు. అటువంటివారి కోసం 2004లో జపాన్‌లో కోజీ నిషిదా బృందం నోటి లోపలి పొర కణాలను పాత్రలో పెంచి కంటికి అమర్చింది. ఆ పాత్రలోనూ తోడుగా ఉన్నవి 3టీ3 కణాలే.