తాండూరు ఇవతల, కొడంగల్ అవతల

తాండూరులో బస్సెక్కితే గంట లోపే కొడంగల్‌లో దిగుతాం. అటు అమ్మాయిలు ఇటు కోడళ్లుగా వస్తారు, ఇటు అమ్మాయిలు అటు వెళ్తారు. కందిచేలు రెండువైపులా ఉన్నాయి, వానల కోసం ఎదురుచూపులూ రెండువైపులా ఉన్నాయి. అయినా 2007లో ఎనిమిది నెలల పాటు ఈ రెండు ఊళ్ల మధ్య ఒక గీత ఉండేది. జబ్బు చేస్తేనే అది కనిపించేది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. ముందుగా మూడే జిల్లాలు: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు, మొత్తం 2 లక్షల వరకు పెద్ద జబ్బులకు వైద్యం. కొడంగల్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడికి వచ్చింది. తాండూరు, వికారాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. రంగారెడ్డికి డిసెంబర్ 5న గానీ రాలేదు. ఆ మధ్యలో జబ్బుపడ్డ తాండూరు ఇంటి చేతిలోనూ తెల్లకార్డే ఉంది, కానీ ఆరోగ్యశ్రీకి అది పనికిరాలేదు. ఎమ్మెల్యే ఉత్తరం తీసుకుని ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవాలి, లేదంటే పుస్తెలతాడు కుదువ పెట్టాలి.

మొదట ఆ మూడు జిల్లాలనే ఎందుకు తీసుకున్నారంటే కారణం ఉంది. అవి కరువు జిల్లాలు, వలస జిల్లాలు. పాలమూరు కూలీల సంగతి దేశమంతా తెలిసిందే. ముందు వాళ్లకు ఇవ్వడం న్యాయమేనని నేనూ అంటాను. చిక్కంతా రంగారెడ్డిని లెక్కవేసిన తీరులో ఉంది. అప్పటి రంగారెడ్డి జిల్లాలో కూకట్‌పల్లి ఉంది, ఎల్బీనగర్ ఉంది, హైదరాబాద్ చుట్టూ పెరిగిన కాలనీలన్నీ ఉన్నాయి. వాటితో కలిపి సగటు తీస్తే బషీరాబాద్, పెద్దేముల్ మండలాల్లో నాపరాయి గనుల్లో పనిచేసే కూలీ ఇల్లు కూడా కాగితం మీద కలిగిన జిల్లాలో ఇల్లే అవుతుంది. పక్కింట్లో విందు జరిగిందని మన కడుపు నిండినట్టు రాసుకోవడం లాంటిది అది.

2016 అక్టోబర్ 11న వికారాబాద్ విడిగా జిల్లా అయింది. మహబూబ్‌నగర్ నుంచి కొడంగల్ కూడా వచ్చి ఇందులో చేరింది. ఆరేళ్లకు, 2022 డిసెంబర్‌లో, గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టారు. రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను ముందు ఎంచుకుంటే వాటిలో వికారాబాద్ ఉంది. నెయ్యి, ఖర్జూరం, పోషకాల పొడి, ఐరన్ సిరప్ మన కోడళ్ల చేతికి ముందు వచ్చాయి. మిగతా జిల్లాలవాళ్లు 2023 జూన్ దాకా ఆగారు. ఈసారి మనం గీతకు లోపల ఉన్నాం. నగరంతో కలిపి లెక్కవేసినన్నాళ్లూ కనబడని రక్తహీనత, విడిగా చూసేసరికి కనబడింది.

ఇక ఇంటి లోపలి గీత గురించి. ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డే ఆధారం. ఆడపిల్లకు పెళ్లయితే పుట్టింటి కార్డులో పేరు తీసేస్తారు. అత్తింటి కార్డులో ఎక్కించమని మీసేవలో దరఖాస్తు పెడితే అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. వేరుకాపురం పెట్టినవాళ్లకు కొత్త కార్డు లేదు. 2021లో కొన్ని ఇచ్చారు, మళ్లీ ఆగింది. 2025 జనవరి 26న గానీ కొత్త కార్డుల పంపిణీ తిరిగి మొదలుకాలేదు. ఈ మధ్యలో, 2023 డిసెంబర్‌లో, ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. మంచిదే. కానీ పెంచిన డబ్బు కార్డు ఉన్నవాళ్లకు కదా! ఇరవై రెండేళ్ల తల్లి పేరే లేని కార్డులో ఆమె బిడ్డ పేరు ఎక్కడ ఎక్కుతుంది? ఏ కాగితమూ చేతికి రాని వయసులోనే కాన్పు ఖర్చు, పసిబిడ్డ జ్వరాలు, ఇంటి అద్దె అన్నీ ఒకేసారి మీద పడతాయి.

మూడో గీత ఆసుపత్రి గడప దగ్గర ఉంది. 2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 విడతలవారీగా ఇస్తామన్నారు. సర్కారు దవాఖానాలో కాన్పు కావాలి, రెండు కాన్పుల వరకే. దాని ఫలితం కాదనలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సర్కారు ఆసుపత్రుల్లో కాన్పులు 2015-16లో 30.5 శాతం ఉంటే, 2019-21 నాటికి 49.7 శాతమయ్యాయి. ప్రైవేటులో అయ్యే ఖర్చు తప్పడమే ఒక సాయం. అయితే అర్ధరాత్రి నొప్పులొచ్చి దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తిన కూలీ జంటకు అప్పూ మిగులుతుంది, కిట్టూ రాదు. సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందకుండా పోయిన సందర్భం అది.

ఫిన్లాండ్ అనే చల్లని దేశంలో 1938 నుంచి బాలింతలకు బట్టలు, దుప్పటి పెట్టిన పెట్టె ఇస్తున్నారు. మొదట పేద తల్లులకే ఇచ్చేవారు. 1949లో ఆదాయం చూడటం మానేసి తల్లులందరికీ ఇచ్చారు. నాలుగో నెల దాటకుండా డాక్టరుకో, గర్భిణుల క్లినిక్కుకో చూపించుకోవాలి, అదొక్కటే షరతు. అలాంటి షరతు బిడ్డకు మేలు చేస్తుంది. కార్డు ఉందా, ఏ జిల్లా అని అడగడం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

మన దేశానికీ ఆ ఆలోచన ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం, సర్కారు ఉద్యోగుల్లాంటి వాళ్లను మినహాయించి, ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో కేంద్రం పథకం తెచ్చేసరికి అది మొదటి కాన్పుకు మాత్రమే, 5,000 అయింది. చట్టం తల్లిని చూసి రాశారు, పథకం లెక్క చూసి రాశారు.

డబ్బు అందరికీ చాలదని నాకూ తెలుసు, ఇంట్లో నెలాఖరు లెక్క చూసేది మనమే కదా. ఉన్నదాన్ని ముందు ఎక్కువ అవసరమున్న జిల్లాకు ఇవ్వడం సరే. ఒకే జిల్లాలో, ఒకే కూలి తెచ్చుకునే ఇద్దరు తల్లులను కాగితం చూసి వేరు చేయడం మాత్రం సరికాదు. బిడ్డ పుట్టిందన్న ధ్రువపత్రమే కార్డు కావాలి.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేసుకుందాం. కొత్త కోడలు వచ్చిన ఇళ్లవాళ్లు రేషన్ కార్డులో ఆమె పేరు ఎక్కిందో లేదో ఇప్పుడే చూడండి. ఎక్కకపోతే ఆధార్ పట్టుకుని మీసేవకి వెళ్లి, రసీదు జాగ్రత్తగా దాచండి. సీమంతం గాజులు తర్వాతైనా కొనొచ్చు.