ఏ బటన్ నొక్కాలి?

ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. వెతికితే పేజీ దొరికింది. పైన పచ్చటి ‘డౌన్‌లోడ్’ బటన్, పక్కన ఇంకోటి, కింద మెరుస్తూ మరోటి. అసలైనది వీటిలో ఏదీ కాదు. అది అడుగున ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఉన్న లింకు. అలవాటున్నవాళ్ళు దాన్ని క్షణంలో పట్టేస్తారు. లేనివాళ్ళు పచ్చ బటన్ నొక్కుతారు. మర్నాటి నుంచి వాళ్ళ బ్రౌజర్‌లో పిలవని టూల్‌బార్ వచ్చి కూర్చుంటుంది, హోమ్ పేజీ మారిపోతుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లో “ఆ పచ్చది కాదమ్మా, కిందికి రా, ఇంకా కిందికి” అంటూ దారి చూపించిన ఇళ్ళు తెలుగునాట తక్కువేం కాదు.

తప్పు ఆ అమ్మది కాదు. చాలాకాలం పాటు ఆ పేజీలను ఆమెలాంటి వాళ్ళను తలుచుకుని ఎవరూ రాయలేదు. ఎవరి కోసం రాశారో తెలియాలంటే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1971 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎంఐటీ నుంచి ‘ఆర్ఎఫ్‌సీ 114’ అనే పత్రం వెలువడింది. ఒక కంప్యూటర్‌లోని ఫైలును ఇంకో కంప్యూటర్‌కు పంపడానికి పాటించాల్సిన నియమాలు అందులో ఉన్నాయి. మనం ఎఫ్‌టీపీ అని పిలుచుకునేది దాన్నే. రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. ఇంటర్నెట్‌కు తొలి రూపమైన అప్పటి ఆర్పానెట్‌లో విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు తప్ప మామూలు జనం లేరు. ఫైలు పంపేవాళ్ళూ అందుకునేవాళ్ళూ ఒకే వృత్తివాళ్ళు. అందుకే విడమర్చి చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు, ఆ రోజుల్లో నిజంగానే రాలేదు కూడా.

ఆ అలవాటు మాత్రం జనం వచ్చాక కూడా పోలేదు. తర్వాతి రోజుల్లో అందరికీ తెరిచి ఉంచిన ఎఫ్‌టీపీ కేంద్రాలు పుట్టాయి. లోపలికి వెళ్ళాలంటే పేరు అడిగినచోట ‘అనానిమస్’ అని, పాస్‌వర్డ్ అడిగినచోట ఆనవాయితీగా మన ఈమెయిల్ చిరునామా కొట్టాలి. ‘పబ్’ అనే డైరెక్టరీలోకి దిగాలి. ‘రీడ్‌మీ’ ఉంటే చదవాలి. ఫైలు తెచ్చుకునే ముందు ‘బైనరీ’ అని ఆదేశం ఇవ్వాలి. అది మరిచిపోతే చాలా కేంద్రాల నుంచి ఫైలు మామూలు పాఠంలా వచ్చేది, దారిలోనే పాడయ్యేది. అంతసేపు ఎదురుచూసి తెచ్చుకున్న ప్రోగ్రాము తెరుచుకోకపోతే, ఎందుకు తెరుచుకోలేదో చెప్పే నాథుడు ఉండడు. 1990లో మాంట్రియాల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ తయారుచేసిన ‘ఆర్చీ’ ఈ కేంద్రాల్లోని ఫైళ్ళ పేర్లను వెతికిపెట్టేది. అయితే దేన్ని వెతకాలో, దాని ఫైలు పేరు ఎలా ఉండవచ్చో ముందే తెలిసి ఉండాలి.

1994 అక్టోబర్ 13న నెట్‌స్కేప్ తన బ్రౌజర్ తొలి బీటాను నెట్‌లో ఉంచింది, అదీ ఎఫ్‌టీపీ ద్వారానే. బ్రౌజర్ లేనివాడు బ్రౌజర్ తెచ్చుకోవాలన్నా ఆ ఆదేశాల మెట్లే ఎక్కాలి.

జనం పెరిగేకొద్దీ సాఫ్ట్‌వేర్‌ను ఒకచోట పేర్చి చూపే సంతలు వచ్చాయి. 1993లో మిషిగన్‌లోని ఫ్లింట్‌లో స్కాట్ స్వెడోర్‌స్కీ మొదలుపెట్టిన ‘టూకౌస్’ ప్రోగ్రాములకు ఆవుబొమ్మలతో మార్కులు వేసేది. ఐదు ఆవులు వచ్చాయంటే మేలిరకం. 1996లో సీనెట్ సంస్థ డౌన్‌లోడ్ డాట్ కామ్ తెరిచింది. ఏది మంచిదో చెప్పడం వీటివల్ల అందిన నిజమైన మేలు. కానీ మంచిదాన్ని ఎంచుకున్నాక కూడా ప్రశ్నలు తప్పేవి కావు. ‘మీకు దగ్గరి మిర్రర్ ఎంచుకోండి’ అని దేశాల జాబితా ఒకటి వచ్చేది. సముద్రాలు దాటే కేబుళ్ళు ఇరుకుగా ఉన్న రోజులవి కాబట్టి ఒకే ఫైలు నకళ్ళను ఊరూరా పెట్టడం అవసరమే. అమీర్‌పేట ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత చెల్లించి కూర్చున్న విద్యార్థికి సింగపూర్ దగ్గరో జర్మనీ దగ్గరో ఎలా తెలుస్తుంది?

వీటన్నిటికంటే ఎక్కువమందిని తికమక పెట్టింది చిప్ పేరు. లినక్స్ డౌన్‌లోడ్ పేజీల్లో రెండు వరుసలు ఉండేవి: ‘ఐ386’, ‘ఏఎండీ64’. 386 అన్నది 1985లో ఇంటెల్ విడుదల చేసిన చిప్. ఆ వంశంలోని 32 బిట్ కంప్యూటర్లన్నిటికీ అదే పేరు నిలిచిపోయింది. 64 బిట్ల విస్తరణను రూపొందించింది మాత్రం ఇంటెల్ పోటీదారు ఏఎండీ. 2003లో ఆప్టెరాన్ చిప్‌తో అది మార్కెట్లోకి వచ్చింది, మరుసటి ఏడాది ఇంటెల్ కూడా దాన్నే అనుసరించింది. మొదట చేసినవాళ్ళ పేరే ఫైలుకు పెట్టడం ఇంజనీర్ల లెక్కలో న్యాయం. కానీ ల్యాప్‌టాప్ మీద ఇంటెల్ స్టిక్కర్ చూసుకున్న మనిషి ‘ఏఎండీ’ అన్న ఫైలును ఎందుకు ముట్టుకుంటాడు? తనది కాదనుకుని పాతదాన్ని దింపుకుంటాడు, లేదా పేజీ మూసేస్తాడు. అతను చేసినది పూర్తిగా సబబైన ఆలోచన. పేజీలో లేనిది ఒక్క వాక్యం: ‘ఇంటెల్ కంప్యూటరైనా ఇదే’.

తెలిసినవాడు మొయ్యాల్సిన ప్రశ్నను తెలియనివాడి నెత్తిన పెట్టడమే ఇదంతా. ఆ బరువును తిరిగి తన భుజానికి ఎత్తుకున్న పేజీగా నేను ఫైర్‌ఫాక్స్ పేజీని చెప్తాను. అంతకుముందు, దాన్ని తయారుచేసే మొజిల్లా సైట్ తీరు వేరు. అక్కడి ఫైళ్ళు పరీక్షించేవాళ్ళ కోసమే, మామూలు వాడుకరులు నెట్‌స్కేప్ లాంటి సంస్థల దగ్గర తీసుకోవాలన్నది వాళ్ళ పద్ధతి. 2003 జులైలో మొజిల్లా ఫౌండేషన్ ఏర్పడి సొంత కాళ్ళ మీద నిలబడాల్సి వచ్చాక చూపు జనం వైపు మళ్ళింది. 2004 నవంబర్ 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చినప్పుడు పేజీలో కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకే బటన్. మీది విండోసా, మ్యాకా, లినక్సా అని అడగలేదు. సైటుకు వెళ్ళిన ప్రతిసారీ మన బ్రౌజర్ తన పేరు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు సర్వర్‌కు చెప్తూనే ఉంటుంది. ఆ సమాచారం ఏళ్ళ తరబడి అందుతూనే ఉంది. దాన్ని చదివి, తగిన ఫైలును ముందుకు తోశారు. విండోస్ ఫైలు ఐదు ఎంబీ లోపే. డయలప్ మీద పావుగంట పని. నాలుగేళ్ళకు, 2008 జూన్ 17న, ఫైర్‌ఫాక్స్ 3 ఇరవై నాలుగు గంటల్లో 80,02,530 డౌన్‌లోడ్లతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ అంకెలో బ్రౌజర్ గొప్పతనం ఎంతో, బటన్ గొప్పతనమూ అంత ఉందని నా నమ్మకం.

స్పష్టతకు డిజైనర్లు, డబ్బు ఉండాలనేమీ లేదు. దూరంలోని కంప్యూటర్లకు అనుసంధానమయ్యేందుకు సైమన్ టాథమ్ రాసిన ‘పుట్టీ’ని ప్రపంచమంతటా సిస్టమ్ నిర్వాహకులు వాడతారు. దాని డౌన్‌లోడ్ పేజీలో రంగులూ హంగులూ లేవు, ఫైళ్ళ జాబితా మాత్రం చాంతాడంత. అయినా మొదటి గడిలోనే ‘బహుశా మీకు కావాల్సింది వీటిలో ఒకటి’ అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. 32 బిట్టో 64 బిట్టో తెలియనివాళ్ళకు పక్కనే జవాబు దొరికే చోటు చూపిస్తుంది. వాడుకరులు ఇంజనీర్లే అయినా వాళ్ళ సందేహాన్ని ఆయన ముందుగా ఊహించాడు.

ఊహించనిచోట మోసగాళ్ళు దూరారు. తికమకపడే మనిషి ప్రకటనదారుకు బంగారు బాతు. సంతల పేజీల్లో డౌన్‌లోడ్ బటన్ వేషం వేసుకున్న ప్రకటనలు నిండాయి. 2011 డిసెంబర్‌లో, నెట్‌వర్కులను పరిశీలించే ‘ఎన్‌మ్యాప్’ రచయిత గోర్డన్ లయన్ తన ప్రోగ్రామును డౌన్‌లోడ్ డాట్ కామ్ వేరే ఇన్‌స్టాలర్‌లో చుట్టి, టూల్‌బార్ కలిపి పంచుతోందని బహిరంగంగా నిరసించాడు. 1999 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పుట్టిల్లులా ఉన్న సోర్స్‌ఫోర్జ్ కూడా 2013లో అదే బాట పట్టింది. బొమ్మలు దిద్దే ఉచిత ప్రోగ్రాము ‘గింప్’ బృందం ఆ ఏడాది నవంబర్‌లో తమ విండోస్ ఇన్‌స్టాలర్‌ను అక్కడి నుంచి తీసేసి సొంత సర్వర్‌కు మార్చుకుంది. చెప్పిన కారణాలు రెండు: తప్పుదారి పట్టించే బటన్లు, అదనపు సరుకు కలిపే ఇన్‌స్టాలర్. 2016లో సోర్స్‌ఫోర్జ్ చేతులు మారాక కొత్త యజమానులు ఆ కలిపే పద్ధతిని మానేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో గూగుల్ నకిలీ డౌన్‌లోడ్ బటన్లున్న పేజీలకు బ్రౌజర్‌లో ఎర్ర హెచ్చరిక చూపడం మొదలుపెట్టింది. కళ్ళముందే జరుగుతున్న మోసానికి అంత ఆలస్యంగా అడ్డుకట్ట పడటం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

తెలుగువాళ్ళ కష్టం ఇంకో మెట్టు ముందే మొదలైంది. ఇరవై ఏళ్ళ కిందట మన పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ పుణ్యమా అని విండోస్ ఎక్స్‌పీ తనతో పాటు గౌతమి ఫాంటును తెచ్చింది. అయినా కంట్రోల్ ప్యానెల్‌లో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అన్నచోట టిక్కు పెట్టి, విండోస్ సీడీ అడిగితే అందించాలి. ఈ సూచనలను తెలుగులో రాస్తే, అవి అవసరమైనవాళ్ళకు డబ్బాలుగా కనిపించేవి. అందుకే ఇంగ్లిషులోనో, తెర బొమ్మలు తీసి వరసగా అతికించో చెప్పుకోవాల్సి వచ్చింది. నాగార్జున వెన్న చేసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. వీవెన్ తెచ్చిన ‘లేఖిని’లో అయితే దింపుకోవాల్సింది ఏమీ లేదు. పేజీ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది. బ్లాగుల తొలిరోజుల్లో ఎంతోమంది తెలుగు రాయడం దాంతోనే మొదలుపెట్టారు.

2008లో యాప్ స్టోర్లు వచ్చాక ఫోన్లలో ఈ బాధ చాలావరకు తీరింది. కంప్యూటర్లలో తీరలేదు. 2020 నవంబర్‌లో ఆపిల్ సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌లు తెచ్చాక ‘ఇంటెలా, ఆపిలా’ అన్న ప్రశ్న మళ్ళీ పేజీల్లోకి వచ్చింది. ఈసారి బ్రౌజర్‌ను అడిగి తెలుసుకుందామన్నా కుదరదు. కొత్త చిప్ మీద నడుస్తున్నా సఫారీ పాత అలవాటు చొప్పున ఇంటెల్ అనే చెప్తుంది. అందుకని శ్రద్ధ ఉన్న పేజీలు, పైన మూలనున్న ఆపిల్ గుర్తు నొక్కి ‘అబౌట్ దిస్ మ్యాక్’లో చూడమని ఒక్క వరుసలో చెప్తాయి. కొందరు రెండూ కలిపిన ఒకే ఫైలు ఇచ్చేస్తారు. ఫైలు బరువెక్కుతుంది కానీ మనిషి మీద బరువు తగ్గుతుంది. నా ఓటు దానికే. మోసమూ కొత్త దారి వెతుక్కుంది. 2022 అక్టోబర్‌లో గూగుల్‌లో గింప్ కోసం వెతికినవాళ్ళకు పైన ఒక ప్రకటన కనిపించింది. చిరునామా అసలుదే, నొక్కితే మాత్రం ‘గిలింప్’ అన్న నకిలీ సైటుకు చేర్చి, సమాచారం దొంగిలించే ప్రోగ్రామును అంటగట్టేది.

లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ లాంటివి ఈ రోజు తెలుగులో దొరుకుతున్నాయంటే మెనూల్లో వేలకొద్దీ మాటలను తెలుగు చేసిన స్వచ్ఛంద సేవకులే కారణం. ఆ మెనూ దాకా చేరాలంటే ముందు డౌన్‌లోడ్ పేజీ దాటాలి. ఏ ఫైలు, ఎంత సైజు, దిగాక ఏ ఫోల్డర్లో ఉంటుంది, తెరవబోతే విండోస్ ఏమని అడుగుతుంది, అప్పుడు ఏం నొక్కాలి, ఇది అసలు సైటేనని ఎలా గుర్తుపట్టాలి: ఇవి తెలుగులో ఉండాలి. ఇదంతా ఒక పేజీకి మించదు. వేల మాటలు అనువదించినవాళ్ళకు అది భారం కాదు. ఆ వాక్యాలను కూడా అనువాదానికి తెరిచి ఇవ్వాల్సింది సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు.