కథలో చుక్క

గిరావీన్ అంటే ఇక్కడి ఆదివాసుల భాషలో పూలుండే చోటు అని చెబుతారు. సిడ్నీకి పడమటి వైపున్న మా పేటలో పూల సంగతేమో గానీ, సాయంత్రం వీధిలో నడుస్తుంటే నాలుగిళ్లకొకసారి పోపు వాసన మాత్రం తప్పకుండా తగులుతుంది. అలాంటి ఒక ఆదివారం సాయంత్రం, తెలుగు బడిలో ఇచ్చిన హోంవర్కు చేస్తూ తొమ్మిదేళ్ల మా అమ్మాయి 'కధ' అని రాసింది.

"కథ అంటే ఇలా కాదమ్మా, థ లో చుక్క ఏదీ?" అన్నాను.

"కంప్యూటర్లో లేదు నాన్నా. ఉన్నది ఉన్నట్టే రాశాను" అంది.

ఊరి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న మా అమ్మ అటు వచ్చి, తెరకేసి చూసి, "శుభ్రంగా కథ అనే ఉంది కదే, నీకు కనపడలేదూ?" అంది. నేను కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగి చూశాను. పిల్ల చెప్పిందే నిజం. చుక్క ఉండవలసిన చోట ఒక బూడిదరంగు మరక ఉంది, అంతే. మా అమ్మ చదివింది తెర మీది అక్షరాన్ని కాదు, అరవై ఏళ్లుగా తన మనసులో ఉన్న అక్షరాన్ని.

ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లతోనే బతుకుతున్నాను గానీ, ఆ చుక్క ఎందుకు మాయమైందని ఆ రోజు వరకూ ఆలోచించలేదు. ఆలోచిస్తే దాని వెనక పెద్ద కథే ఉంది.

కంప్యూటరు తెర అంటే చుక్కల ముగ్గు వంటిది. పాతకాలపు లెక్క ప్రకారం అంగుళానికి 96 చుక్కలు. మామూలు లేజరు ప్రింటరు అంగుళంలో 600 చుక్కలు పెడుతుంది. పన్నెండు పాయింట్ల అక్షరానికి తెర మీద దక్కేది నిలువునా 16 చుక్కలు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు అందులో సగంలోనే సర్దుకుంటాయి. మనకో? పైన తలకట్టో గుడో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, అన్నీ ఆ పదహారులోనే ఇమడాలి. ఇంక థ కడుపులోని చుక్కకి మిగిలేది ఒక్క చుక్క, ఒక్కోసారి అదీ పూర్తిగా కాదు.

దీనికి విరుగుడుగా వచ్చిందే అక్షరాలను నునుపు చేసే పద్ధతి. అక్షరం గీత ఒక గడిని సగమే కప్పితే, ఆ గడికి సగం నలుపు వేస్తారు. దూరం నుంచి చూసే కంటికి మెట్లు మెట్లుగా ఉన్న అంచు వంపులా కనిపిస్తుంది. విండోస్ 95తో పాటు విడిగా అమ్మిన 'ప్లస్' ప్యాకులో 1995లోనే ఈ సదుపాయం ఉంది. 1998 నవంబరులో మైక్రోసాఫ్ట్ 'క్లియర్‌టైప్' ప్రకటించింది. ఎల్‌సీడీ తెరలో ప్రతి చుక్కా నిజానికి పక్కపక్కన నిలబడ్డ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు కదా, ఆ మూడింటినీ విడివిడిగా వెలిగించి అడ్డంగా మూడింతలు స్పష్టత సాధించే ఉపాయం అది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో దాన్ని పెట్టారు గానీ, ఎవరికి వారు ఆన్ చేసుకోవాల్సి వచ్చేది. 2007లో విస్టా వచ్చాకే అది దానంతటదే పనిచేయడం మొదలైంది.

అయితే మన అక్షరాలకి నునుపుదనం కన్నా ముందు తీరవలసిన గొడవలు రెండున్నాయి. మొదటిది, అసలు తెలుగు అక్షరమని కంప్యూటరుకి తెలియడం. 1990లలో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతిని తెచ్చారు. ఇక పత్రికలదా, ఎవరి ఫాంటు వారిదే. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లవి. అది లేని కంప్యూటర్లో తెరిస్తే వార్తంతా పిచ్చిగీతలే. నేను ఇంజనీరింగు చదివే రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని డబ్బు కట్టి, అందులో సగం సేపు ఫాంటు దిగడం కోసం కాచుకోవడం నాకింకా గుర్తే. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకి చోటు దొరికినా, అది మన ఇళ్లకు చేరడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

రెండో గొడవ ఒత్తులది. ఎక్స్‌పీతో పాటు 'గౌతమి' ఫాంటు వచ్చింది. కానీ అక్షరాలను కూర్చే సదుపాయాన్ని సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా వేసుకోకపోతే 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయ్యేది. ఆ దశలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి ఉచితంగా పంచారు. విదేశాల్లో తెలుగు రాసుకున్న మా తరం వాళ్లలో ఎంతోమంది ఆ 'పోతన' చలవతోనే రాశారు. ఒత్తుల కూర్పు ఎంత చిక్కైన పనో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెల 19న దిద్దుబాటు విడుదల చేసింది.

ఈ రెండూ తీరాక గానీ నునుపు మాట రాలేదు. అక్కడా మనకి సగమే వడ్డించారు. క్లియర్‌టైప్ మొదట అడ్డంగా మాత్రమే నునుపు చేసేది. నిలువు గీతలు ఎక్కువగా ఉండే ఇంగ్లీషుకి అది చాలు. మన అక్షరాలు గుండ్రాలాయె, పైవంపూ కిందవంపూ మెట్లుమెట్లుగానే మిగిలిపోయాయి. 2009లో విండోస్ 7తో వచ్చిన 'డైరెక్ట్‌రైట్' నిలువుగా కూడా నునుపు చేయడం మొదలుపెట్టింది. మరో రెండేళ్లకి బ్రౌజర్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. లినక్సులో ఈ పని చేసే 'ఫ్రీటైప్', చిన్న అక్షరాలను గడుల్లో సరిగా కూర్చోబెట్టే ట్రూటైప్ సూచనలను స్వేచ్ఛగా వాడుకోవడానికి ఆపిల్ పేటెంట్లు తీరే 2010 దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడు వచ్చిన ఐఫోన్ 4 తెరలో అంగుళానికి 326 చుక్కలు. చుక్కలే అంత దగ్గరైతే మాయలతో పనేముంది? 2018లో ఆపిల్ తన కంప్యూటర్లలో మూడు రంగుల ఉపాయాన్ని మానేసింది కూడా.

మరి మా ఇంట్లో చుక్క ఎందుకు పోయింది? పాత మానిటరు, దాని అసలు చుక్కల లెక్కకి సరిపడని రిజల్యూషన్‌లో పెట్టి ఉంది. తప్పు నాదే, ఎప్పుడో మార్చి మరిచిపోయాను. దాన్ని సరిచేసి, విండోస్‌లోని క్లియర్‌టైప్ ట్యూనర్ తెరిచి, అది చూపించిన నమూనాల్లో ఏది స్పష్టంగా ఉందో పిల్లనే ఎంచుకోమన్నాను. చివరికి అక్షరాల సైజు రెండంచెలు పెంచాను. మొత్తం పది నిమిషాల పని.

మనలాంటి పెద్దవాళ్లకి అలుక్కుపోయిన తెలుగైనా ఫరవాలేదు. సగం కంటితో, సగం అలవాటుతో చదివేస్తాం. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ అలవాటు లేదు. వీధి బోర్డుల మీదా, బస్సుల మీదా వాళ్లకి తెలుగు కనపడదు. వాళ్లకి తెర మీద కనిపించిందే తెలుగు. అందుచేత మీ ఇంట్లో పిల్లలు చదివే కంప్యూటర్లో ఒకసారి 'కథ' అని కొట్టి చూడండి. మీ కళ్లతో కాదు, వాళ్లని పిలిచి అడగండి.

మా అమ్మాయి పుస్తకంలో 'కధ'ని కొట్టేసి, కింద 'కథ' అని రాసింది. చుక్క మాత్రం కందిగింజంత పెట్టింది.

"అంత పెద్దదెందుకే?" అంది మా అమ్మ.

"మళ్లీ పోకుండా నానమ్మా."