మెట్టు గదిని కలిసే చోట



అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది కొన్నాళ్ళకి కార్పెట్ తీయించి చెక్క నేల వేయించుకుంటారు. గదుల్లో పని చకచకా సాగిపోతుంది. మేడ మెట్లు పై గదిని కలిసే చోటికి వచ్చేసరికి పనివాడు ఆగిపోతాడు. మా ఇంట్లోనూ అంతే. ఆ ఒక్క అంచు దగ్గర ఇంత ఆలోచన ఎందుకా అని తరచి చూస్తే, దాని వెనుక పెద్ద చరిత్రే కనిపించింది నాకు.

ఒకప్పుడు నేల పలకల్ని వడ్రంగులు చేత్తోనే చిత్రిక పట్టేవారు. 1828లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన విలియం వుడ్‌వర్త్ ఆ పని చేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. పలకకి ఒక పక్క గాడి, రెండో పక్క ఆ గాడిలో దూరే అంచు కూడా ఆ యంత్రమే కోసేది. పేటెంట్ గడువు పొడిగిస్తూ పోయి 1856లో ముగిసింది. అలాంటి పలకల్ని కిందికి మేకులతో బిగించేవారు. మెట్ల దగ్గర చివరి పలకగా గుండ్రటి అంచున్న చెక్కని గాడిలో కూర్చేవారు. దాన్నే నోజింగ్ అంటారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ ఊరి మిల్లుల నుంచి చవక కార్పెట్లు వెల్లువెత్తాయి. ప్లైవుడ్ మీద, మెట్ల మీద కార్పెట్ పరిచేస్తే సరిపోయేది. అంచు దగ్గర అతుకుతో పనే లేకపోయింది. మనం ఇవాళ కార్పెట్ ఎత్తితే కింద మొరటు చెక్క కనిపించేది అందుకే.

స్వీడన్‌కి చెందిన పెర్‌స్టోర్ప్ కంపెనీ 1977లో లామినేట్ నేల కనిపెట్టింది. 1990లలో అది అమెరికాకి వచ్చింది, జిగురు లేకుండా క్లిక్‌మని బిగిసే పలకలూ వచ్చాయి. ఈ నేలని కిందికి బిగించరు. గాలిలో తేమని బట్టి అది వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది కనుక గోడల వెంట సందు వదులుతారు. మెట్ల దగ్గర ఆ సందుని దాచటానికి గోడ లేదు, పైగా మనిషి బరువంతా ఆ అంచు మీదే పడుతుంది. అందుకని నోజింగ్‌ని జిగురుతో, స్క్రూలతో కిందికి గట్టిగా బిగించి, దాని పెదవి కింద నేల కదలటానికి చోటు వదులుతారు.

ఇక మెట్టు ఎత్తు సంగతి. ఎత్తుకీ వెడల్పుకీ పొంతన ఉండాలని ఫ్రాన్సులో బ్లాండెల్ పదిహేడో శతాబ్దంలోనే సూత్రం రాశాడు. 2000లో వచ్చిన ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం ఒక మెట్ల వరుసలో అతి ఎత్తైన మెట్టుకీ, అతి పొట్టి మెట్టుకీ తేడా 3/8 అంగుళం దాటకూడదు. పైన 3/4 అంగుళం చెక్క వేసి మెట్లని అలాగే వదిలేస్తే చివరి మెట్టు ఒక్కటే అంత ఎత్తు పెరుగుతుంది!

మన ఊళ్ళో గడప కూడా ఎత్తే. కానీ పసుపు రాసి కంటికి కనబడుతుంది, దాటాలని అందరికీ తెలుసు. మెట్ల మీద అలా కాదు. రెండు మూడు మెట్లు ఎక్కగానే కాలు ఆ ఎత్తుని గుర్తుపెట్టుకుంటుంది, ఇక కన్ను చూడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రాత్రిపూట కళ్ళజోడు లేకుండా ఎక్కేది ఆ మెట్లే. అందుకే పని ఒప్పుకునే ముందే అడగండి: నేల వేశాక మొదటి మెట్టు, చివరి మెట్టు ఎత్తు ఎంతవుతుంది? పని పూర్తయ్యాక టేపు పెట్టి మీరే కొలవండి. రంగు కలిసిందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.